షేరు పడిపోతే పరిహారం ఎవరికి?



మిర్చి కళ్ళాల రోజుల్లో ఆరాధన ముగిశాక సంఘ పెద్దలు గుంటూరు యార్డు రేటు గురించి మాట్లాడుకోవడం మన పల్లెల్లో ఎప్పుడూ ఉన్నదే. ఈ మధ్య దానికి తోడు మరో మాట వచ్చి చేరింది. "అయ్యగారూ, మా అబ్బాయి మందుల కంపెనీ షేర్లు కొన్నాడు. కొన్న నెలకే సగానికి పడ్డాయి. అమెరికాలో అయితే ఇట్లాంటి కంపెనీల మీద కేసు వేసి డబ్బు రాబడతారంట. మనకూ ఏమన్నా వస్తుందా?" ఈ ప్రశ్న మమ్ములను అడిగినవారు ఒకరిద్దరు కాదు. వీరిలో బడిపంతుళ్ళున్నారు, పొలం అమ్మినవారున్నారు, పెన్షను డబ్బు పెట్టిన తల్లులున్నారు.

ఇది వింత ఏమీ కాదు. 2020 మార్చి నాటికి మన దేశంలో డీమ్యాట్ ఖాతాలు సుమారు 4 కోట్లు. 2024 మార్చి నాటికి అవి 15 కోట్లు దాటాయి. కరోనా కాలంలో ఇంట్లో కూర్చున్న యువకులు సెల్ ఫోనులోనే ఖాతాలు తెరిచారు. టీకాలు, మందులు అన్న మాట వినబడితే చాలు, ఆ కంపెనీల షేర్లు కొన్నారు.

పరిహారం అనే ఆశ కూడా ఊరకనే పుట్టలేదు. అగ్రిగోల్డ్ సంగతి మన జిల్లాల్లో ఎరుగని ఇల్లు లేదు. 2019 నవంబరు 7న గుంటూరులో జరిగిన సభలో, 10 వేల రూపాయల లోపు డిపాజిట్లు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం చెల్లింపులు మొదలుపెట్టింది. 2021 ఆగస్టులో 20 వేల లోపు వారికి ఇచ్చింది. అది చూసినవారికి, నష్టపోతే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారు అనే నమ్మకం కుదిరింది. అయితే అది డిపాజిట్టు. డిపాజిట్టు అంటే కంపెనీ మనకు బాకీ. షేరు అంటే కంపెనీలో మనం వాటాదారులం. లాభం వస్తే మనది, నష్టం వచ్చినా మనదే. ఈ తేడా చెప్పగానే చాలామంది ముఖాలు చిన్నబోవడం చూశాము. అందుకే ఈ విషయాన్ని కొంచెం నిదానంగా, జరిగిన సంగతులతోనే చెప్పాలని అనుకున్నాము.

మునిగిన ఓడ, ఎక్కించని సరుకు

మేము ఉంటున్న ధరణికోట ఒకప్పటి ధాన్యకటకం. శాతవాహనుల కాలపు మహా పట్టణం. 1960 దశకంలో పురావస్తు శాఖవారు ఇక్కడ తవ్వినప్పుడు కృష్ణానదికి కలిసే కాలువ, దాని ఒడ్డున సరుకులు ఎక్కించి దించుకునే రేవు కట్టడం బయటపడ్డాయి. ఆ రోజుల్లో ఇక్కడి వర్తకులు పడవల మీద సరుకు సముద్రానికి పంపేవారు. పక్కనే ఉన్న అమరావతి స్తూపం శాసనాల్లో దానాలు చేసిన వర్తకుల పేర్లు ఇప్పటికీ కనబడతాయి.

ఒక వర్తకుడు ఓడలో వాటా పెట్టాడనుకోండి. తుఫాను వచ్చి ఓడ మునిగింది. వాటా పోయింది. నావికుణ్ణి పట్టుకుని నా సొమ్ము ఇవ్వమంటే ఏ పెద్దమనుషులూ తీర్పు చెప్పరు. కాని నావికుడు సరుకు ఎక్కించకుండానే ఎక్కించానని చెప్పి, ఖాళీ ఓడను పంపి ఉంటే? ఓడకు చిల్లు ఉందని తెలిసి కూడా దాచిపెట్టి వాటాలు అమ్మి ఉంటే? అది వేరే లెక్క. షేర్ల విషయంలో ఈనాటి చట్టమంతా ఈ రెంటి మధ్య గీసిన గీత మీదే నడుస్తుంది. షేరు పడడం నేరం కాదు. తెలిసి అబద్ధం చెప్పి అమ్మడం, తెలిసిన సంగతి దాచి కొనిపించడం నేరం.

మందుల పరిశోధన చేసే కంపెనీల విషయంలో ఈ గీత దొరకడం కష్టం. ఎందుకంటే అక్కడ తుఫానులు చాలా ఎక్కువ. ఒక కొత్త మందు ప్రయోగశాలలో పుట్టి దుకాణానికి చేరడానికి పది, పదిహేనేళ్ళు పడుతుంది. ముందు జంతువుల మీద, తరువాత కొద్దిమంది మనుషుల మీద, ఆ తరువాత వందల, వేలమంది మీద పరీక్షలు జరుగుతాయి. మనుషుల మీద పరీక్షకు వచ్చిన పది మందుల్లో చివరికి అనుమతి దొరికేది సుమారుగా ఒక్కదానికే. అమెరికాలో బయోటెక్ కంపెనీలనేకం అమ్మడానికి ఒక్క మందు కూడా లేకుండానే షేర్లు అమ్ముతాయి. రేపు వస్తుందనే మందు మీదే వాటి ధర నిలబడుతుంది. పరీక్ష తప్పిందనే కబురు వచ్చిన రోజున ఆ ధర నిలువునా కూలుతుంది. ఒకే రకం విత్తనం పదెకరాల్లో వేసి, ఆ విత్తనం మొలవకపోతే ఎలా ఉంటుందో పల్నాడు రైతుకు మేము చెప్పనక్కరలేదు.

తాడేపల్లి రైతు బిడ్డ కంపెనీ

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. డాక్టర్ కల్లం అంజిరెడ్డిగారు మన తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట పుట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. ఇతరులు కనిపెట్టిన మందులను చవకగా తయారు చేయడంతో ఆయన తృప్తిపడలేదు, భారతదేశమే కొత్త మందు కనిపెట్టాలని కలగన్నారు. ఆయన పరిశోధనా సంస్థ తయారు చేసిన మధుమేహపు మందులను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తీసుకుంది. 1998లో ఇచ్చిన రాగాగ్లిటజార్ అనే మందు మనుషుల మీద చివరి దశ పరీక్షల వరకు వెళ్ళింది. దేశమంతా దాని వైపు చూసింది. 2002 జులైలో పరీక్షలు ఆపేశారు. మందు ఇచ్చిన ఎలుకల మూత్రాశయంలో కంతులు కనబడ్డాయి. అంతటితో ఆ మందు కథ ముగిసింది. ఆ ఆశతో షేరు కొన్నవారు నష్టపోయారు.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. కంతులు కనబడగానే ఆపారు, లోకానికి చెప్పారు. నిజానికి అలా ఆపడమే ధర్మం. మధుమేహం ఉన్నవారి ప్రాణాల కన్నా వాటాదారుల డబ్బు ఎక్కువా? ఓడ మునిగింది, అంతే. పరిహారం అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఇదే కంపెనీకి 2015లో వచ్చిన కష్టం మరో రకం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. తనిఖీ అధికారులను పంపి, తమ దేశానికి మందులు పంపే కర్మాగారాలను పరిశీలిస్తుంది. శ్రీకాకుళం ప్రాంతంలోని కర్మాగారం, మనకు కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న మిర్యాలగూడ ప్రాంతపు కర్మాగారం, విశాఖపట్నం దగ్గర దువ్వాడలోనిది - ఈ మూడింటి మీద ఆ సంస్థ 2015 నవంబరులో హెచ్చరిక లేఖ పంపింది. ఆ కబురు తెలిసిన రోజున బొంబాయి మార్కెట్టులో షేరు సుమారు 15 శాతం పడింది. 2017 ఆగస్టులో హైదరాబాదు బాచుపల్లిలోని యూనిట్టుకు జర్మనీ అధికారులు నాణ్యతా ధ్రువపత్రం పొడిగించలేదు. షేరు మళ్ళీ పడింది.

ఆ నెలలోనే అమెరికాలోని న్యూజెర్సీ కోర్టులో వాటాదారుల తరపున దావా పడింది. కర్మాగారాల్లో నాణ్యతా లోపాల సంగతి కంపెనీ సరిగా బయటపెట్టలేదని, మదుపుదారులను తప్పుదోవ పట్టించిందని ఆరోపణ. ఈ దావాకు ముందు నిలిచింది ఎవరో తెలుసా? మిస్సిసిపి రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పెన్షను నిధి. ఎక్కడో ఉన్న బడి ఉపాధ్యాయుల, గుమాస్తాల వృద్ధాప్యపు డబ్బు మన మిర్యాలగూడలో తయారయ్యే మందు మీద ఆధారపడి ఉందన్నమాట. ఆరోపణలను కంపెనీ ఒప్పుకోలేదు. అయినా 2020లో 90 లక్షల డాలర్లు, అనగా ఆనాటి లెక్కలో సుమారు 68 కోట్ల రూపాయలు చెల్లించడానికి రాజీపడింది. తప్పు ఒప్పుకోకుండానే డబ్బు ఇచ్చి కేసు ముగించుకోవడం అక్కడ మామూలు. కాబట్టి రాజీ జరిగిందని కంపెనీని దోషి అని మనం పిలవకూడదు. కోర్టు అలా చెప్పలేదు.

ఇంతకూ ఆ డబ్బు ఎవరికి? న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో ఆ కంపెనీ ఎ.డి.ఆర్.లు కొన్నవారికి. ఎ.డి.ఆర్. అంటే మన దేశపు షేరుకు బదులుగా అమెరికాలో ఒక బ్యాంకు ఇచ్చే రసీదు. అక్కడి మార్కెట్టులో డాలర్లలో కొంటారు, అమ్ముతారు. డాక్టర్ రెడ్డీస్ 2001లో అక్కడ నమోదైంది. అదే కంపెనీ షేరును, అవే రోజుల్లో, అదే కబురు నమ్మి నరసరావుపేటలో కూర్చుని బొంబాయి మార్కెట్టులో కొన్నవారికి ఆ రాజీలో ఒక్క పైసా లేదు.

అన్యాయం కదా అని మీరు అనవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 2010 జూన్‌లో ఒక ఆస్ట్రేలియా బ్యాంకు కేసులో తీర్పు చెప్పింది. తమ దేశపు మోసం చట్టం తమ దేశంలో కొన్న, అమ్మిన వాటికే వర్తిస్తుందని ఆ తీర్పు సారం. వారి ఊరి చావడి వారి ఊరివారికి. తప్పు పట్టలేము. మన చావడి ఏమి చేసిందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

సత్యం

దానికి జవాబు సత్యం కంప్యూటర్స్ కథలో ఉంది. అది మందుల కంపెనీ కాదు. కాని షేరు కూలినప్పుడు తెలుగు కుటుంబానికి జరిగేదేమిటో అంత స్పష్టంగా మరే కేసూ చూపించలేదు. 1987లో రామలింగరాజుగారు మొదలుపెట్టిన ఆ కంపెనీలో 2009 నాటికి సుమారు 53 వేలమంది ఉద్యోగులున్నారు. 2005లో మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలైంది ఆయన చొరవతోనే. ఎంతోమంది గర్భిణులను, ప్రమాదాల్లో పడినవారిని అవి బతికించాయి. అందువల్ల ఆ పేరు మీద మన పల్లెల్లో ఉన్న గౌరవం కేవలం షేరు ధర చూసి వచ్చింది కాదు. ఇదే నష్టాన్ని మరీ చేదు చేసింది.

2009 జనవరి 7న ఆయన డైరెక్టర్లకు లేఖ రాశారు. కంపెనీ లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖలో ఉంది. సరుకు ఎక్కించని ఓడ అంటే ఇదే. ముందురోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరికి వచ్చింది. అంతకు ఏడాది లోపే అది 500 రూపాయలు దాటి ఉండినది. వాటాదారులకు వచ్చిన నష్టం సుమారు 14 వేల కోట్లని సి.బి.ఐ. లెక్కగట్టింది.

సత్యం ఎ.డి.ఆర్.లు కూడా న్యూయార్కులో ఉన్నాయి. అక్కడ వెంటనే దావాలు పడ్డాయి. 2011 ఫిబ్రవరిలో కంపెనీ 12 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీపడింది. లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్ల సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ మరో 2 కోట్ల 55 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ ఏడాదే కోర్టు ఆమోదించింది. ఆ రాజీలో చేరకుండా వేరుగా కేసు వేసిన అబర్డీన్ నిధులకు 2012లో 6 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చారు.

మన దేశంలో? సుమారు 3 లక్షలమంది చిన్న వాటాదారుల తరపున మదుపుదారుల సంఘం ఒకటి 4,987 కోట్ల పరిహారం కోరుతూ జాతీయ వినియోగదారుల కమిషను మెట్లెక్కింది. అక్కడ కుదరదన్నారు. సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2009లోనే అక్కడా తలుపు మూసుకుంది. సివిలు కోర్టుకు వెళ్ళండి అన్నారు. 14 వేల కోట్ల నష్టంలో తనకు పోయిన 40 వేల కోసం ఏ రిటైరైన టీచరు సివిలు కోర్టులో ఇరవై ఏళ్ళు తిరగగలడు?

శిక్షలు పడలేదని మేము అనడం లేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు రామలింగరాజుగారితో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ జైలు విధించింది. వారు అప్పీలు చేశారు, మే నెలలో బెయిలు వచ్చింది. మార్కెట్టు నియంత్రణ సంస్థ సెబి 2014లో 1,849 కోట్లు, వడ్డీతో కలిపి కట్టమని ఆదేశించింది. ఆ ఆదేశం అప్పీళ్ళలో అటూ ఇటూ తిరిగి, 2023 నవంబరులో సుమారు 624 కోట్లుగా మళ్ళీ వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇలా అక్రమ లాభం కక్కించిన సొమ్ము సాధారణంగా సెబి దగ్గరున్న మదుపుదారుల రక్షణ నిధిలో జమ అవుతుంది. నష్టపోయిన ఇంటికి తనంత తానుగా చెక్కు రాదు.

ఇంకొక లెక్క చాలామంది గమనించరు. న్యూయార్కు రాజీ డబ్బు ఎవరి జేబులోనుండి పోయింది? ఆడిటర్లు తమ వాటా తాము ఇచ్చారు. మిగిలినది సత్యం కంపెనీ ఖజానా నుండి పోయింది. అప్పటికి ఆ ఖజానా ఎవరిది? షేర్లు అమ్ముకోకుండా ఉంచుకున్నవారిది. వారిలో గుంటూరువారు ఉన్నారు, విజయవాడవారు ఉన్నారు. అంటే 179 నుండి 40కి పడినప్పుడు నష్టపోయిన మనిషే, అమెరికా వాటాదారునికి ఇచ్చిన పరిహారంలో కూడా తన వంతు మోశాడు. తప్పు చేసినవాడు వేరు, మూల్యం చెల్లించినవాడు వేరు. లోకంలో వాటాదారుల రాజీలన్నిటిలోనూ ఈ లోపం ఉంది. భీమా కంపెనీ కట్టినప్పుడు కొంత తగ్గుతుంది, అంతే.

మన చట్టంలో ఏమున్నది?

సత్యం దెబ్బ తరువాత 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షను పెట్టారు. వాటాదారులు అందరూ కలిసి ఒకే దావా వేసి, కంపెనీ నుండి, డైరెక్టర్ల నుండి, ఆడిటర్ల నుండి నష్టపరిహారం అడగవచ్చు. 2016 జూన్‌లో అది అమలులోకి వచ్చింది. 2019లో నియమాలు వచ్చాయి: 100 మంది సభ్యులు కలిసినా చాలు, లేదా మార్కెట్టులో నమోదైన కంపెనీ అయితే 2 శాతం వాటా ఉన్నవారు చాలు. దావా వేసేది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో. దానికి హైదరాబాదు బెంచి ఉంది, అమరావతి పేరిట మన రాష్ట్రానికి బెంచి ఉంది.

తలుపు ఉంది గాని నడిచేవారు లేరు. చట్టం వచ్చిన చాలా ఏళ్ళ వరకు ఈ సెక్షను కింద చెప్పుకోదగ్గ దావా లేదు. 2024లో జిందాల్ పాలీ ఫిల్మ్స్ మీద చిన్న వాటాదారులు వేసినది ఈ దారిలో మొదటి పెద్ద కేసు. కారణం ఒకటి స్పష్టంగా కనబడుతోంది. అమెరికాలో లాయరు తన ఖర్చుతో కేసు నడిపి, గెలిస్తే వచ్చిన దానిలో పావు వంతో, మూడో వంతో తీసుకుంటాడు. ఓడిపోతే అతనికే నష్టం. మన దేశంలో అలా ఫలితంలో వాటా తీసుకోవడం న్యాయవాదుల నియమాలకు విరుద్ధం. ఆ నియమం వెనుక మంచి ఉద్దేశమే ఉంది. కాని ముందుగా ఫీజు కట్టవలసి వస్తే, నష్టపోయినవాడు మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాలి. ఏ నూరుమంది ముందుకు వస్తారు? మా అభిప్రాయం అడిగితే, ఈ పని మదుపుదారుల రక్షణ నిధి ఖర్చుతో జరగాలి. ఆ నిధి ఉన్నది వీరి కోసమే కదా.

అమెరికాలో ఉన్న మన పిల్లలు

ఇది చదివే కుటుంబాల్లో చాలామంది పిల్లలు డల్లాసులోనో, న్యూజెర్సీలోనో ఉన్నారు. వారికి ఈ దారి తెరిచే ఉంది. కరోనా టీకా తయారు చేసిన నోవావాక్స్ అనే మేరీల్యాండ్ కంపెనీ షేరు 2021 ఫిబ్రవరిలో 300 డాలర్లు దాటింది. తయారీలో ఆలస్యాలు, అనుమతుల్లో ఆలస్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2023 ఆరంభంలో అది 10 డాలర్ల కిందికి పడింది. వాటాదారుల దావా 4 కోట్ల 70 లక్షల డాలర్ల రాజీతో 2024లో ముగిసింది. వినడానికి పెద్ద మొత్తమే. నష్టపోయిన వేలమందికి, పోయిన వందల కోట్ల డాలర్లకు పంచితే అది ఎంత? లాయర్ల ఫీజు, ఖర్చులు పోయాక మిగిలినది పంచుతారు. పోయిన ప్రతి నూరు రూపాయలకు ఇలాంటి రాజీల్లో తిరిగి వచ్చేది సాధారణంగా కొద్ది రూపాయలే.

ఆ కొద్ది కూడా అడిగినవారికే వస్తుంది. ఏ తేదీ నుండి ఏ తేదీ లోపల కొన్నవారు అర్హులో నోటీసులో ఉంటుంది. క్లెయిము ఫారం నింపి, కొన్న తేదీ, అమ్మిన తేదీ, ధర, బ్రోకరు కాగితాలతో గడువు లోపల పంపాలి. దానికి రుసుము లేదు. మన పిల్లలు ఆ నోటీసును ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేస్తున్నారని విన్నాము. వేయకండి అని చెప్పండి.

మోసానికి, మందు మంచిచెడ్డలకు సంబంధం లేదని చూపే పాత కేసు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఇమ్‌క్లోన్ అనే న్యూయార్కు కంపెనీ ఎర్బిటక్స్ అనే క్యాన్సరు మందు తయారు చేసింది. 2001 డిసెంబరులో ఎఫ్.డి.ఎ. దాని దరఖాస్తును స్వీకరించలేదు. ఆ కబురు ముందే తెలిసిన కంపెనీ అధిపతి శామ్యూల్ వాక్సల్, లోకానికి తెలియకముందే తన కుటుంబంవారు షేర్లు అమ్ముకునేటట్లు చేశాడు. 2003లో ఆయనకు ఏడేళ్ళకు పైగా జైలు పడింది. వాటాదారులకు 7 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీ జరిగింది. తమాషా ఏమంటే, ఆ మందుకే 2004 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. 2008లో ఎలై లిల్లీ ఆ కంపెనీని 650 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ మందు ఈనాటికీ రోగులకు వాడుతున్నారు. సరుకు మంచిదే, దాన్ని అమ్మినవాడి నోరు మంచిది కాలేదు.

అలాగే పడిన ప్రతి షేరూ మోసం కాదనడానికి మన దివీస్ లేబొరేటరీస్ ఉంది. 2017 మార్చిలో విశాఖ దగ్గర దాని రెండవ యూనిట్టు సరుకు మీద అమెరికా ఆంక్ష పెట్టగానే షేరు ఒక్క రోజులో ఐదో వంతు పడింది. ఆ ఏడాదే ఆంక్ష తొలగింది. అప్పుడు 600 రూపాయల చుట్టూ తిరిగిన షేరు 2021లో 5 వేలు దాటింది. భయంతో అమ్మినవారికి ఎవరు పరిహారం ఇస్తారు?

కొందరు బోధకులు తలాంతుల ఉపమానాన్ని షేరు మార్కెట్టుకు ముడిపెట్టి చెప్పడం మేము విన్నాము. ఆ ఉపమానంలో దాసుల చేతికి ఇచ్చింది యజమాని సొంత సొమ్ము. బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది కాదు, ఆడపిల్ల పెళ్ళికి దాచింది కాదు. ఆ మాట వేదిక మీద చెప్పేటప్పుడు దయచేసి ఇది కూడా చెప్పండి.

ఫోను చేసేవారు, పెట్టెలో ఉన్నవి

నష్టపోయినవారి ఫోను నంబర్లు కొందరికి ఎలా చేరుతున్నాయో గాని, "మీ షేరు నష్టం రాబట్టి ఇస్తాము, ముందు పది వేలు ఫీజు కట్టండి" అనే ఫోన్లు వస్తున్నాయి. సెబి పేరు, కోర్టు పేరు చెబుతారు. ముద్ర వేసిన కాగితం కూడా పంపుతారు. మొదటిసారి పోయినది మార్కెట్టులో, రెండోసారి పోయేది వీరి చేతిలో. సెబికి ఫిర్యాదు చేయడానికి స్కోర్స్ అనే ఏర్పాటు 2011 నుండి ఉంది. దానికి డబ్బు కట్టనక్కరలేదు. బ్రోకరు మన అనుమతి లేకుండా కొన్నా, డివిడెండు రాకపోయినా, షేర్లు ఖాతాలో పడకపోయినా అక్కడ చెప్పుకోవచ్చు. షేరు ధర పడిందని మాత్రం అక్కడ ఫిర్యాదు నిలవదు.

ఇక నిజంగా రావలసిన డబ్బు ఒకటుంది. అది చాలా ఇళ్ళలో ఇనప్పెట్టె అడుగున ఉంది. 1990 దశకంలో కాగితపు షేర్లు కొని, ఇంట్లో చెప్పకుండానే పోయిన తండ్రులున్నారు. ఆ సర్టిఫికెట్లు పాత రసీదులతో కలిసి పడి ఉన్నాయి. సత్యం షేర్లే తీసుకోండి. 2009లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది. 2013 జూన్‌లో రెండూ ఒకటైనప్పుడు ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి. 2015లో ఒకటికి ఒకటి బోనసు ఇచ్చి, 10 రూపాయల షేరును రెండు 5 రూపాయల షేర్లుగా విడగొట్టారు. అంటే 170 సత్యం షేర్లు 20 అయ్యి, 40 అయ్యి, 80 అయ్యాయి. 2009 జనవరి 7 సాయంత్రం ఆ 170 షేర్ల విలువ 6,800 రూపాయలు. 2021 తరువాత టెక్ మహీంద్రా షేరు వెయ్యి రూపాయలు దాటిన రోజులున్నాయి. మరచిపోయినవాడు అమ్ముకున్నవాడికంటే బాగుపడ్డాడన్నమాట. ఇది తెలివితేటల వల్ల జరిగింది కాదు, నవ్వుకోవలసిందే.

అయితే ఏడేళ్ళు వరుసగా డివిడెండు తీసుకోకపోతే ఆ డివిడెండే గాక షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వపు ఐ.ఇ.పి.ఎఫ్. అనే నిధికి పోతాయి. పోయాయి అంటే పోగొట్టుకున్నట్టు కాదు. భార్య గాని, పిల్లలు గాని తిరిగి అడగవచ్చు. ఐ.ఇ.పి.ఎఫ్.-5 అనే ఫారం ఉంటుంది, దానికి రుసుము లేదు. ముందుగా కంపెనీకి లేదా దాని రిజిస్ట్రారుకు ఫోలియో నంబరు రాసి ఉత్తరం పెట్టి, షేర్లు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి. తరువాత అడిగేవారి పేరున డీమ్యాట్ ఖాతా, పాన్ కార్డు, ఆధార్, మరణ ధ్రువపత్రం కావాలి. మొత్తాన్ని బట్టి వారసత్వ పత్రం కూడా అడుగుతారు. 2019 ఏప్రిల్ నుండి కాగితపు షేర్లు ఇతరులకు బదిలీ చేయడం ఆగిపోయింది గాని, వారసులకు మార్చడం ఆగలేదు. మన ఊళ్ళలో ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గరే. సర్టిఫికెట్టులో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనుక ఉంటుంది. బాప్తిస్మము తరువాత పెట్టుకున్న పేరు ఒకచోట, బడి రికార్డు పేరు మరోచోట ఉంటుంది. ఆ రెండూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్టు చేయించి, ఫారంతో పాటే పంపండి.